హాల్‌టికెట్లు వచ్చాక కాదు

పశ్చిమగోదావరి మెట్టలో, ఇప్పుడు ఏలూరు జిల్లా అంటున్న చోట, ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పాను. చివరి తొమ్మిదేళ్లు హెడ్మాస్టరుగా చేసి 2019లో రిటైరయ్యాను. ఇప్పటికీ పది ఫలితాలు వచ్చిన వారంలో ఎవరో ఒక తండ్రి పిల్లనో పిల్లాణ్నో వెంటబెట్టుకుని మా అరుగెక్కుతాడు. "మాస్టారూ, ఎందులో వెయ్యమంటారు?" అంటాడు. పిల్ల పక్కనే నిలబడి ఉంటుంది. ఆ పిల్లని ఎవరూ ఏమీ అడగరు. నేనూ చాలా ఏళ్లు అడగలేదు. కింద రాసినవన్నీ తప్పులు చేశాక తెలిసినవే.

1. "పెద్దయ్యాక ఏమవుతావు?" అని అడగడం మానెయ్యండి.

ఏటా పదో తరగతిలో ఈ ప్రశ్న వేసేవాణ్ని. ఏటా అవే జవాబులు: డాక్టరు, పోలీసు, టీచరు, మిలిటరీ, ఒకరిద్దరు కలెక్టరు. పిల్లలకి ఊహ లేదనుకునేవాణ్ని. ఊళ్లో వాళ్ల కంటబడ్డ ఉద్యోగాలే అన్ని, మరి వేరేవి ఎక్కణ్నుంచి చెబుతారు? తర్వాత ప్రశ్న మార్చి తొమ్మిదో తరగతికి ఇంటిపనిగా ఇచ్చాను. "ఈ నెలలో మీ వీధికి పని మీద ఎవరెవరు వచ్చారు? వాళ్లకి ఆ పని ఎలా వచ్చిందో అడిగి రాసుకు రండి." లైన్‌మన్, బోరు మెకానిక్, గేదెలకి సూది వేసే గోపాలమిత్ర, సెల్ టవర్ కుర్రాడు, ఏఎన్ఎం... నోటు పుస్తకాలు నిండాయి. ఒకమ్మాయి అయితే ఏఎన్ఎం ఏ కోర్సు చదివిందో, ఎన్నేళ్లు పట్టిందో, మొదటి జీతం ఎంతో కూడా రాసుకొచ్చింది. జీతం అడిగినందుకు వాళ్లమ్మ తిట్టిందట. నేను మెచ్చుకున్నాను.

2. చేలో గెల కోసిన పిల్లలకి ఆ గెల ఎక్కడికి పోతుందో చూపించండి.

మా వైపు పామాయిల్ తోటలు ఎక్కువ. గెలలు ట్రాక్టరెక్కి వెళ్లిపోవడం వరకే మా పిల్లలకి తెలుసు. ఒక ఏడు నలభై మందిని పెదవేగి తీసుకెళ్లాను. అక్కడ ఫ్యాక్టరీ ఉంది, ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ కూడా ఉంది. కాటా దగ్గర తూకం వేసేవాళ్లనీ, ల్యాబులో నూనె శాతం చూసేవాళ్లనీ, బాయిలరు దగ్గర నిలబడేవాళ్లనీ చూశారు. క్లాసులో నోరు విప్పని ఒక కుర్రాడు బాయిలరు మనిషిని పట్టుకుని వదల్లేదు. ఆ పనికి పరీక్ష పాసై సర్టిఫికెట్టు తెచ్చుకోవాలని ఆయనే చెప్పాడు. లెక్కల మాస్టారిగా నాకే ఆ సంగతి తెలీదు. ఆ కుర్రాడు తర్వాత ఐటీఐలో ఫిట్టరు తీసుకున్నాడు. ఇదేదో పెద్ద విజయగాథని చెప్పడం లేదు. ఇష్టపడి చేరాడు, అంతే.

పరిశోధన సంస్థలో ఒక పిల్ల నా చెవిలో అడిగింది, "మాస్టారూ, బైపీసీ చదివితే ఇలాంటి పని కూడా ఉంటుందా?" అని. బైపీసీ అంటే డాక్టరు సీటు, అది రాకపోతే ఇక ఏమీ లేదు అని ఇంట్లో చెప్పి ఉంచారు. పది తర్వాత రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా ఉందనీ, అక్కణ్నుంచి అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌కి పోవచ్చనీ బస్సులో చెప్పాను. అది నేను తెలుసుకున్నదీ ఆ ముందు రోజే.

3. ముందు మాస్టారికి దారులు తెలియాలి.

ఎంపీసీ, ఎంసెట్, బీటెక్. నా బుర్రలో ఉన్న దారి ఇదొక్కటే. "ఒకేషనల్లో చేరితే అక్కడితో సరి" అని నిండు క్లాసులో అన్నాను. శుద్ధ తప్పు. ఒకేషనల్ ఇంటర్ చదివినవాళ్లు బ్రిడ్జి కోర్సు రాసుకుని పై చదువుకి పోవచ్చు. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ట్రిపుల్ ఐటీల్లో మామూలుగా పదో తరగతి మార్కుల మీదే ఆరేళ్ల చదువుకి సీటిస్తారు. ప్రభుత్వ బడి పిల్లలకి కొంత వెసులుబాటు కూడా ఉంది. ఇవన్నీ ఒక డ్రాయింగు షీటు మీద నా చేత్తో రాసి వరండాలో అంటించాను. ఏటా తీసి మళ్లీ రాయాలి. పేర్లే మారిపోతుంటాయి, 2021లో మన ఎంసెట్ ఈఏపీసెట్ అయినట్టు.

4. తండ్రితో నలుగురిలో వాదించకండి.

ఇది నేను బాగా కాలి నేర్చుకున్నది. ఒక కౌలు రైతు కూతురికి నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటొచ్చింది. తండ్రి పంపనన్నాడు. నేను రావిచెట్టు కింద, నలుగురూ కూర్చున్న చోట, "నీ మూర్ఖత్వానికి పిల్ల బతుకు పాడవుతోందయ్యా" అనేశాను. ఆయన తలొంచుకున్నాడు గానీ ఇక ఆ మాట మీంచి దిగలేదు. నలుగురి ముందు ఎలా దిగుతాడు? పిల్ల దగ్గర్లోని కాలేజీలో ఇంటర్ చదివింది, ఆ తర్వాత పెళ్లయిపోయింది. నేను చెప్పిన విషయం సరైనదే. దాన్ని ఆయన ఇంట్లో, ఆయన మంచం మీద కూర్చుని చెప్పి ఉండాల్సింది.

మరుసటి ఏడు నలుగురు పిల్లలకి సీట్లొచ్చాయి. ఈసారి ఉపన్యాసం ఇవ్వలేదు. మా హిందీ మేడంగారిని తోడు తీసుకుని ఆ నలుగురి తల్లుల్నీ బస్సెక్కించి నూజివీడు తీసుకెళ్లాను. నేనక్కడ లైబ్రరీ చూపించాలని ఉబలాటపడ్డాను. వాళ్లు చూసింది హాస్టలు గేటు. రాత్రి తాళం ఎవరి దగ్గరుంటుంది, నీళ్లు ఏ వేళకి వస్తాయి, స్నానాల గది గడియ పడుతుందా, జ్వరమొస్తే ఎవరు చూస్తారు... ఒకావిడ మెస్సులో అన్నం మెతుకు నలిపి చూసింది. జంగారెడ్డిగూడెం వైపు నుంచి వచ్చి చదువుతున్న అమ్మాయి కనబడితే అరగంట దాన్ని చుట్టుముట్టారు. తిరుగు బస్సులో మామిడి రసాలు కొనుక్కుని కబుర్లాడుకుంటూ వచ్చారు. ముగ్గురు చేరారు. నాలుగో పిల్లని నాయనమ్మ ఆపింది. ఆ పిల్ల పాలిటెక్నిక్‌కి వెళ్లింది.

5. కాలేజీల పీఆర్వోలు సంక్రాంతి దాటీ దాటగానే దిగుతారు.

పిల్లల ఫోన్ నంబర్ల రిజిస్టరు బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. ఒక కాలేజీ మనిషి నా టేబుల్ మీద మిఠాయి పెట్టె పెట్టాడు, దాని కింద కవరు. పెట్టె పిల్లలకి పంచాను, కవరు వెనక్కిచ్చాను. తల్లిదండ్రులకి నేను చెప్పేది: అడ్వాన్సు కట్టేముందు రెండేళ్లకీ మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకోండి. మధ్యలో మానేస్తే టీసీ, మెమో వెంటనే ఇస్తారో లేదో అడగండి. ఫ్లెక్సీలో ఉన్న ర్యాంకరుతో కాదు, అక్కడ సెకండియర్ చదివే మామూలు పిల్లాడితో మాట్లాడండి.

6. కాగితాలు.

ఎవరికీ నచ్చని పని ఇది. నేను మాత్రం దీన్నే ముందు పెడతాను. ఎనిమిదిలో ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్పు పరీక్ష రాయించండి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ అయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. తొమ్మిదిలోనే పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ అడ్మిషన్ రిజిస్టరులోనూ ఆధారులోనూ ఒకటిగా ఉన్నాయో లేదో తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి చూడండి. పది మెమోలో పడ్డ తేదీయే పింఛను దాకా వెంట వస్తుంది. ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు ఒక ఫైల్లో పెట్టించండి. కౌన్సెలింగ్ ముందు రోజు పాత బడి చుట్టూ తిరిగి ఏడ్చిన తండ్రుల్ని చూశాను.

7. ఫలితాల రోజున బడిలో కూర్చోకండి.

పాసైనవాళ్లు వాళ్లే మిఠాయిలతో వస్తారు. తప్పినవాళ్ల ఇంటికి మనమే వెళ్లాలి, అదీ ఆ సాయంత్రమే. సప్లిమెంటరీ తేదీ, ఫీజు కట్టే గడువు చెప్పి, ఆ ఇంట్లో టీ తాగి రండి. పక్కింటి పిల్లాడి మార్కులు ఆ రోజు ఎత్తొద్దని పెద్దవాళ్లకి గట్టిగా చెప్పండి. పిల్ల మరీ ముడుచుకుపోతే టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

8. మా అబ్బాయి విషయంలో వీటిలో ఒక్కటీ పాటించలేదు.

ఏడో తరగతిలోనే ఇంజినీరని తేల్చేశాను. ఇంజినీరే అయ్యాడు, హైదరాబాదులో బాగానే ఉన్నాడు. వాడి కూతురిప్పుడు ఎనిమిది. మొన్న సంక్రాంతికి వస్తే, "దాన్ని మాత్రం మీరేమీ అనకండి నాన్నా" అన్నాడు. అనలేదు. దాన్ని చేను వెంట తిప్పుకొచ్చాను.

కొత్తగా హెడ్మాస్టర్లయిన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక్క మాట. జూన్‌లో బడి తెరవగానే తొమ్మిదో తరగతితో మొదలుపెట్టండి, పదో తరగతితో కాదు. వానల్లో గెలలు ఎక్కువగా దిగే రోజుల్లో ఫ్యాక్టరీ చూపించండి. అనుమతికి వారం ముందు ఉత్తరం పెట్టుకోవాలి. నేను అప్పట్లో రాసిన ఉత్తరం నకలు నా దగ్గర ఇంకా ఉంది. వచ్చి పట్టుకెళ్లండి.