స్కాచ్ విస్కీ ధర: తరుగు, వయస్సు, రకం

ఉరవకొండలో వేరుశెనగ కాయలు గోడౌనులో పెట్టిన వర్తకుడు ముందుగా వేసేది తరుగు లెక్క. తేమ ఆరి తూకం తగ్గుతుంది, పెట్టుబడిపై వడ్డీ పెరుగుతుంది. స్కాచ్ విస్కీ ధరకూ మూలం ఇదే.

స్కాట్లండ్‌లో ఓక్ పీపాలలో కనీసం 3 సంవత్సరాలు నిల్వ ఉంటేనే అది స్కాచ్. పీపా నుంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. ఈ లెక్కన 100 లీటర్లకు 12 ఏళ్లలో మిగిలేది 78 లీటర్లు. 18 ఏళ్లకు 70 లోపే. పాత సరుకు ప్రియం కావడానికి ఇదొక ముఖ్య కారణం.

2009 నిబంధనల ప్రకారం రకాలు ఐదు. ఒకే డిస్టిలరీలో మొలకెత్తించిన బార్లీతో మాత్రమే చేసినది సింగిల్ మాల్ట్. ఇతర ధాన్యాలూ వాడితే సింగిల్ గ్రెయిన్. వేర్వేరు డిస్టిలరీల మాల్టుల కలయిక బ్లెండెడ్ మాల్ట్; గ్రెయిన్ల కలయిక బ్లెండెడ్ గ్రెయిన్; మాల్టు, గ్రెయిన్ రెండూ కలిస్తే బ్లెండెడ్ స్కాచ్. ఎక్కువగా అమ్ముడయ్యేది ఈ చివరి రకమే. రుచి ప్రాంతాన్ని బట్టి కూడా మారుతుంది. ఐలా దీవి సరుకుకు పొగ వాసన, స్పేసైడ్ సరుకుకు పండ్ల వాసన ప్రసిద్ధి.

సీసాపై 12 ఏళ్లని ఉంటే, కలిపిన వాటిలో అతి తక్కువ వయస్సు అదేనని అర్థం. సీసాలో వయస్సు పెరగదు. కనుక సీసాలు దాచి వయస్సు పేరిట ధర అడగడం చెల్లదు.

2025 జులైలో సంతకాలైన భారత్-బ్రిటన్ ఒప్పందం 150 శాతం దిగుమతి సుంకాన్ని తొలుత 75కు, పదేళ్లలో 40కి తగ్గించేందుకు ఉద్దేశించినది. అయితే రాష్ట్ర పన్నులు వేరు. సుంకం తగ్గినా పీపాలో తరుగు తగ్గదు.