మూడు కొనల కిరీటం

కిందటి వేసవి సెలవుల్లో బస్టాండు పక్క ఫుట్‌పాత్ మీద 150 రూపాయలకు ఒక టీషర్టు కొన్నాను. దానిమీద మూడు కొనల కిరీటం, కింద పళ్ళికిలించిన తలకాయ, చుట్టూ కోడి కెలికినట్లు అక్షరాలు. మా నాన్న ముందు గుడ్డ పట్టుకు చూశాడు. పత్తి రైతు కదా! "ఇందులో నూలు తక్కువరా" అన్నాడు. తరువాత బొమ్మ చూసి, "ఇది గీసినాయనకు ఎంత ముట్టిందో?" అన్నాడు. నాకు తెలియలేదు. తరువాత తెలుసుకున్నది పాఠక మిత్రుల ముందుంచుతున్నాను.

ఆ కిరీటం జాన్ మిషెల్ బాస్కియా అనే నల్లజాతి చిత్రకారుడి గుర్తు. 1960లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. ఏ చిత్రకళాశాలలోనూ చదవలేదు. అలాగని గురువులే లేరనుకోవద్దు. తల్లి చిన్నప్పటినుంచీ మ్యూజియంలకు తిప్పింది. ఏడేళ్ళప్పుడు వీధిలో కారు గుద్దితే డాక్టర్లు ప్లీహం తీసేశారు. ఆసుపత్రి మంచంమీది ఆ పిల్లవాడికి తల్లి తెచ్చిచ్చిన పుస్తకం ఏమిటనుకున్నారు? వైద్య విద్యార్థులు మోసే 'గ్రేస్ అనాటమీ'! అతని చిత్రాల నిండా కపాలాలు, ఎముకలు, వాటి పక్కన పేర్లు, అచ్చం మన జువాలజీ రికార్డులో లేబులింగ్ లాగా. కాకపోతే రాసిన మాటను మళ్ళీ కొట్టేస్తాడు. కొట్టేస్తే జనం ఇంకా శ్రద్ధగా చదువుతారని అతని వాదన. మన రికార్డులో ఆ పని చేస్తే మార్కులు పోతాయి, అది వేరే సంగతి.

1978 నాటికి ఆల్ డియాజ్ అనే మిత్రుడితో కలిసి 'సేమో' పేరుతో గోడలమీద వ్యంగ్యపు మాటలు రాస్తుండేవాడు. ఇల్లు వదిలేశాడు. కాన్వాసు కొనే స్తోమతు లేదు. తలుపులు, కిటికీ చట్రాలు, ఫ్రిజ్, ఏది దొరికితే దానిమీదే బొమ్మ. 1979 ప్రాంతంలో స్వెట్‌షర్టుల మీద చేత్తో రంగులు వేసి అమ్ముకున్నాడు, పూట గడవాలి కాబట్టి. వీధి ఫ్యాషన్‌లోకి లలితకళను తెచ్చామని ఈనాడు కంపెనీలు గొప్పగా చెప్పుకుంటాయి. బాస్కియా తేవటమేమిటి, అతను మొదలుపెట్టిందే చొక్కా దగ్గర! అతను వేసిన చొక్కా ఒక్కటే, దానికి జోడీ ఉండదు. నా చొక్కాలాంటివి వేలు.

1981 తరువాత గ్యాలరీలవాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. డబ్బొచ్చినా బట్టలంటే భక్తి లేదు. ఖరీదైన అర్మానీ సూటుతోనే బొమ్మలు వేసేవాడు. 1985లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్ ముఖచిత్రానికి సూటు వేసుకుని వట్టికాళ్ళతో కూర్చున్నాడు. 1988 ఆగస్టు 12న మాదకద్రవ్యం మోతాదు మించి చనిపోయాడు. అప్పటికి 27 ఏళ్ళు.

ఇక నాన్న ప్రశ్న. 1982లో అతను వేసిన ఒక తలకాయ చిత్రం 1984 వేలంలో 19,000 డాలర్లకు పోయింది. అదే చిత్రం 2017 మే నెలలో 11 కోట్ల 5 లక్షల డాలర్లు పలికింది. కొన్నవాడు ఒక జపాన్ వ్యాపారి. గీసినవాడు పోయి అప్పటికి దాదాపు 29 ఏళ్ళు. ముద్ర చొక్కాలకు కొన్ని కంపెనీలు హక్కులు కొనుక్కున్నాయి. నా 150 రూపాయల్లో మాత్రం అటు పైసా వెళ్ళి ఉండదు.

ఇదంతా చెబితే నాన్న, "మన పత్తి గూడా అంతేగా, కల్లంలో ఒక ధర, మిల్లులో ఒక ధర" అని లేచిపోయాడు. నాలుగు ఉతుకులకే నా కిరీటం పెచ్చులూడింది. ఇప్పుడా చొక్కా ఆయనే వేసుకుని చేలో మందు కొట్టటానికి వెళ్తున్నాడు.