నార్మాలిటీ లెక్క – క్యూసీ కొలువునకు తొలి పరీక్ష

రసాయనశాస్త్రమున బి.ఎస్సీ. పట్టము పొంది, జీడిమెట్ల, పాశమైలారము, పరవాడ మున్నగు చోట్లనున్న మందుల కర్మాగారములయందు నాణ్యతా పరీక్షాశాలలో, అనగా అందరును క్యూసీ యని పిలుచు విభాగమున, కొలువునకై యత్నించు యువతీయువకులు ఖరీదైన యంత్రములను గూర్చి యెంతయో చదువుకొని పోవుదురు గాని, "0.1 నార్మల్ పొటాషియం పర్మాంగనేట్ ఒక లీటరు తయారు చేయుటకు ఎన్ని గ్రాములు తూచెదవు?" అని యడిగినంతనే తడబడుదురు. ఇది విచారింపదగిన విషయము.

లీటరు ద్రావణమున కరగియున్న గ్రామ తుల్యభారముల సంఖ్యయే నార్మాలిటీ యని అందరును వల్లించెదరు. అయితే ఆ తుల్యభారము రసాయన చర్యను బట్టి మారునను సంగతి కొందరికే స్ఫురించును. పర్మాంగనేట్ అణుభారము 158.04. ఆమ్ల యానకమున అది 5 ఎలక్ట్రాన్లను గ్రహించును గనుక తుల్యభారము 31.61; తటస్థ యానకమున 3 ఎలక్ట్రాన్లనే గ్రహించును గనుక 52.68. కావున తూచవలసినది మొదటి పక్షమున 3.161 గ్రాములు, రెండవ పక్షమున 5.268 గ్రాములు. "ఏ యానకమునందండీ?" అని వినయముతో ఎదురు ప్రశ్న వేయు అభ్యర్థియే నా దృష్టిలో విషయమెరిగినవాడు.

తూనిక యొక్కటే చాలదు. కాస్టిక్ సోడా గాలిలోని తేమను, బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనును గనుక, 4 గ్రాములు తూచి లీటరు చేసినను అది సరిగా 0.1 నార్మల్ కాజాలదు. అందుచేత 1.576 గ్రాముల ఆక్జాలిక్ ఆమ్ల స్ఫటికములను 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో గుర్తు వరకు నీటితో కరగించి 0.1 నార్మల్ ద్రావణము చేసి, అందుండి 20 మిల్లీలీటర్లు పిపెట్టుతో తీసి, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ చేర్చి, బ్యూరెట్టునుండి సోడాను విడువవలెను. లేత గులాబి రంగు నిలిచినపుడు బ్యూరెట్టు 20.6 చూపినచో, 20ని 0.1తో హెచ్చించి 20.6తో భాగింపగా సోడా నార్మాలిటీ 0.0971 అగును.

నేటి పుస్తకములు మొలారిటీనే వాడుచుండగా ఈ శ్రమ యేల యందురేమో! ఇండియన్ ఫార్మకోపియా 0.02 మొలార్ పర్మాంగనేట్ అనునదియు, అమెరికా ఫార్మకోపియా 0.1 నార్మల్ అనునదియు ఒకే ద్రావణము; అమెరికాకు మందులు పంపు కర్మాగారమున ఈ రెండు భాషలును తెలిసియుండవలెను. ఇంటర్వ్యూకు పోవుటకు ముందు సల్ఫ్యూరిక్ ఆమ్లము, సోడియం కార్బొనేట్, డైక్రోమేట్‌ల తుల్యభారములను కాలిక్యులేటరు ముట్టక స్వహస్తముతో కట్టి చూచుకొనుడు.