మూసీ: పరీక్షలో చిక్కు నది చివరనే

మూసీ అనగానే అభ్యర్థులు 1908 సెప్టెంబరు 28 వరద, మోక్షగుండం విశ్వేశ్వరయ్య, 1920 నాటి ఉస్మాన్‌సాగర్ బట్టీ పట్టి పక్కన పెడతారు. పురానాపూల్ (1578, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా) కూడా వస్తుంది, కానీ అది చరిత్ర పేపరు సరుకు. అసలు చిక్కు నది చివర ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ పాతబస్తీ ఉత్తరపు అంచున పారి, సుమారు 240 కి.మీ. తర్వాత నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అవతలి ఒడ్డు ఆంధ్రప్రదేశ్. నది తెలంగాణ దాటదు, నీళ్లు దాటుతాయి. అందుకే దీన్ని 262వ అధికరణంతో, 1956 అంతర్రాష్ట్ర నదీ జలాల వివాదాల చట్టంతో కలిపి చదవాలి. ఒకే రాష్ట్రపు నదికి ఆ చట్టమెందుకని అడగవచ్చు. ఎందుకంటే ఆ చట్టం కిందే 1969లో ఏర్పడ్డ బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా బేసిన్‌ను ఉప బేసిన్లుగా విడగొట్టింది. అందులో మూసీ కె-10.

ఇక మూసీ కాలుష్యంలో పరిశ్రమల పాత్ర దగ్గర తొందరపడొద్దు. పురానాపూల్ కమానుల కింద కనిపించే నల్లనీళ్లలో అధిక భాగం ఇళ్ల మురుగే, నిజమే. అలాగని మందుల కంపెనీల వ్యర్థాలను తీసిపారేయలేం; పరిమాణం తక్కువైనా రసాయనాల ప్రభావం వేరు. రైన్ నదిపై 1986లో బాసెల్ వద్ద ఒక్క రసాయన గిడ్డంగి తగలబడితే దిగువ దేశాలకూ విషం పాకింది. కాలుష్యంపై పరీక్షలో అడిగేది 1974 జల కాలుష్య చట్టం. ఉస్మాన్‌సాగర్‌తో కూడిన జంట జలాశయాల రక్షణకైతే 1996 నాటి జీవో 111.