ఇంటి కెమెరా చూసిన యుద్ధం

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని భానూర్‌లో భారత్ డైనమిక్స్ కర్మాగారం ఉంది. శత్రువుల యుద్ధట్యాంకులను ఛేదించే క్షిపణులు అక్కడ తయారవుతాయి. రక్షణ కర్మాగారాలన్నింటి మాదిరిగానే దాని ఆవరణలోనూ అనుమతి లేనిదే కెమెరా వాడరాదు. అక్కడికి ఎంతో దూరంలో లేని హైదరాబాదులో యుద్ధాలను తయారుచేసే పరిశ్రమ మరొకటి ఉంది. అది చలనచిత్ర పరిశ్రమ. 1971లో విశాఖపట్నం తీరంలో మునిగిపోయిన పాకిస్థాన్ జలాంతర్గామి కథతో 2017లో ‘ఘాజీ’ చిత్రం వచ్చింది. దానికోసం జలాంతర్గామి లోపలి భాగాన్ని హైదరాబాదులోనే సెట్టుగా నిర్మించారు. పెద్ద చిత్రాల షూటింగు జరిగే చోటికి సెల్‌ఫోన్లు తీసుకురావద్దని హెచ్చరించడం నేడు సర్వసాధారణమైంది. భానూర్‌లోని నిషేధానికి దేశరక్షణ కారణం. షూటింగులోని నిషేధానికి వ్యాపారరక్షణ కారణం. 2016 నవంబరులో ‘బాహుబలి’ రెండవ భాగపు యుద్ధ సన్నివేశాలు కొన్ని, చిత్రం విడుదలకు నెలల ముందే, అంతర్జాలంలోకి వచ్చాయి. కోట్ల రూపాయలు వెచ్చించిన నిర్మాతల భయం అర్థం చేసుకోదగినదే.

అయితే ఎడిటింగు గది నుంచి దొంగిలించిన దృశ్యం వేరు, ఊరి చివర షూటింగు జరుగుతున్నదని తెలిసి చూడవచ్చినవాడు చెట్టుకింద నిలబడి తన కెమెరాలో తీసుకున్న దృశ్యం వేరు. మొదటిది సినిమాలోని భాగమే. రెండవది సినిమాలో ఎన్నడూ చేరనిది. యుద్ధచిత్రం తీస్తుండగా ఔత్సాహికులు తీసుకున్న ఇటువంటి దృశ్యఖండికలే ఈ పాఠానికి వస్తువు.

సామాన్యుడి చేతికి చలనచిత్ర కెమెరా అందిన కథ పొడవైనదేమీ కాదు. ఆనాడు సినిమా పరిశ్రమ వాడిన 35 మిల్లీమీటర్ల ఫిలిం ఖరీదైనది, త్వరగా మండిపోయే స్వభావం కలది. అందుకే ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థ 1923లో 16 మిల్లీమీటర్ల ఫిలింను, 1932లో అంతకన్నా చవకైన 8 మిల్లీమీటర్ల ఫిలింను ప్రవేశపెట్టింది. ఇవి సులభంగా అంటుకోని పదార్థంతో చేసినవి కాబట్టి ఇంట్లో ఉంచుకోవడానికి భయం లేదు. 1965లో సూపర్ 8 వచ్చింది. కెమెరాలో పెట్టే ఒక్కొక్క డబ్బాలో మూడు నిమిషాల ఇరవై సెకన్లకు సరిపడే ఫిలిం ఉండేది. తొలినాటి కెమెరాలకు విద్యుత్తు లేదు. గోడగడియారానికి ఇచ్చినట్టు స్ప్రింగుకు కీ ఇస్తే సుమారు అరనిమిషం నడిచి ఆగిపోయేవి. కనుక ఇంటి చిత్రంలోని దృశ్యాలన్నీ పొట్టివి. ఒక గుర్రం పరుగెత్తుతుంది, ఆగిపోతుంది. మరుక్షణం ఎవరో పిల్లవాడు కెమెరావైపు చూసి నవ్వుతుంటాడు. ఈ రెంటికీ మధ్య గడిచినవి పది నిమిషాలో పూర్తిగా ఒక రోజో చూసేవారికి తెలియదు.

వీటిలో మరొక విశేషం నిశ్శబ్దం. ఫిరంగి నిప్పు కక్కుతుంది, మట్టి ఆకాశానికి ఎగురుతుంది, సైనికులు నోళ్లు తెరిచి అరుస్తారు, కాని చప్పుడుండదు. ఆ చప్పుడు లేకపోవడమే మనకు ఒక సత్యాన్ని పట్టి ఇస్తుంది. థియేటరులో మన గుండెలదరగొట్టే ఆ ధ్వని కూడా చాలావరకు షూటింగులో పుట్టినది కాదు. తరువాత స్టూడియోలో చేర్చినది. నిర్మాతల కెమెరా ఒక చట్రం గీసుకొని, ఆ చట్రంలోకి ఏది రావాలో ఏది రాకూడదో నిర్ణయిస్తుంది. ఇంటి కెమెరాకు ఆ విచక్షణ లేదు. అది పక్కకు జరుగుతుంది. అప్పుడు పొగయంత్రం కనిపిస్తుంది. రిఫ్లెక్టరు పట్టుకొని ఎండలో నిలబడిన కుర్రవాడు కనిపిస్తాడు. ఇంతకుముందే బాణం తగిలి నేలకొరిగిన యోధుడు లేచి, ధూళి దులుపుకొని, అన్నం పొట్లం విప్పుకుంటూ కనిపిస్తాడు. రెండు శత్రుసైన్యాలూ ఒకే చెట్టునీడలో ఒకే బానలోని నీళ్లు తాగే దృశ్యం ఏ యుద్ధచిత్రంలోనూ ఉండదు. షూటింగు జరిగిన ప్రతిచోటా మాత్రం అది ఉండితీరుతుంది.

ఇటువంటి చిత్రీకరణకు ప్రపంచంలో పేరుపొందిన ఉదాహరణ ఫిలిప్పీన్స్‌లో లభిస్తుంది. వియత్నాం యుద్ధాన్ని గూర్చిన ‘అపోకలిప్స్ నౌ’ చిత్రాన్ని ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా 1976 మార్చిలో అక్కడ మొదలుపెట్టాడు. ఆయన భార్య ఎలినార్ కొప్పోలా వృత్తిరీత్యా ఛాయాగ్రాహకురాలు కాదు. ప్రచారానికి పనికివచ్చే చిన్న చిత్రం ఒకటి కావలసివచ్చినప్పుడు ఆ పని ఆమెకు అప్పగించారు. పిల్లలతో సహా అక్కడికి వెళ్లిన గృహిణి చేతికి 16 మిల్లీమీటర్ల కెమెరా వచ్చింది. ఆమె చూసినది ప్రచారానికి పనికివచ్చే వ్యవహారం కాదు. మే నెలలో తుఫాను వచ్చి సెట్లను ధ్వంసం చేసింది. ఫిలిప్పీన్స్ సైన్యం షూటింగుకు అద్దెకిచ్చిన హెలికాప్టర్లు, దేశంలో నిజంగా జరుగుతున్న తిరుగుబాటును అణచడానికి షూటింగు మధ్యలోనే లేచిపోయేవి. కథానాయక పాత్రధారి మార్టిన్ షీన్‌కు 1977లో గుండెపోటు వచ్చింది. నాలుగైదు నెలల్లో ముగించాలనుకున్న చిత్రీకరణ ఏడాది దాటింది.

ఎలినార్ ఇవన్నీ చిత్రించింది. భర్త నిరాశతో పలికిన మాటలను కూడా ఆయనకు తెలియకుండానే టేపులో భద్రపరిచింది. ఆ పని ఉచితమేనా అన్న ప్రశ్న వేసుకోవడంలో తప్పులేదు. భార్యాభర్తల సంభాషణ లోకానికి చేరవలసినదేనా? ఆ ఫిలిం చాలాకాలం బయటికి రాలేదు. 1991లో ‘హార్ట్స్ ఆఫ్ డార్క్‌నెస్’ అనే డాక్యుమెంటరీగా వెలువడింది. అందులో నాకు అన్నింటికన్నా విలువైనవిగా తోచేవి గుండెపోటు గాథ కాదు, తుఫాను కాదు, ఇఫుగావో గిరిజనుల దృశ్యాలు. సినిమాలో వారు పేరులేని అడవిమనుషులు. ఎలినార్ ఫిలింలో వారు కుటుంబాలతో వచ్చి సెట్టులో కాపురముండి, తమ పద్ధతిలో తాము క్రతువు జరుపుకొన్న మనుషులు. ఆ క్రతువులోని గేదె బలియే తరువాత చిత్రపు చివరి ఘట్టంలోకి ప్రవేశించింది. సినిమా మాత్రమే చూసినవాడు దానిని కథకుని కల్పన అనుకుంటాడు.

ఇప్పుడు మన నేలకు వద్దాం. విశాఖ మన్యంలో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన 1922 ఆగస్టులో తిరుగుబాటు మొదలైంది. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా దాడులు జరిగాయి. 1924 మే 7న రాజును కాల్చిచంపారు. దాదాపు యాభై ఏళ్లకు, 1974 మే 1న, కృష్ణ నూరవ చిత్రంగా ‘అల్లూరి సీతారామరాజు’ విడుదలైంది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రమదే. దర్శకుడు వి. రామచంద్రరావు నిర్మాణం నడుమనే మరణించగా పోరాట సన్నివేశాలను కె.ఎస్.ఆర్. దాస్ చిత్రీకరించాడు. వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రాహకుడు. అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి, ఆ చిత్రం కోసం బృందమంతా చింతపల్లి అడవులకు తరలివెళ్లింది. పోరాటం జరిగిన నేలమీదనే పోరాటాన్ని మళ్లీ నటించారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకోవచ్చు. తిరుగుబాటు నాటికి పదేళ్ల వయస్సున్న బాలుడికి షూటింగు నాటికి అరవై దాటి ఉంటాయి. ఠాణాపై దాడిని చూసినవారు, మలబారు నుంచి వచ్చిన ప్రత్యేక పోలీసు దళం తమ గూడేలమీద పడటాన్ని అనుభవించినవారు ఆ అడవిలో అప్పటికి సజీవులుగా ఉండటం అసంభవం కాదు. కెమెరా ముందు ఖాకీ నిక్కర్ల సిపాయిలు మళ్లీ తుపాకులు ఎత్తినప్పుడు అటువంటి ముదుసలి ముఖం ఎలా మారుతుంది? సినిమాస్కోప్ కెమెరా దృష్టి నటుడిపైనే. అది ఉండవలసిన తీరూ అదే. ఆ ముఖాన్ని పట్టుకోగలిగినది గుంపులో నిలబడిన మరొక చిన్న కెమెరా మాత్రమే. ఏ అటవీ ఉద్యోగి పెట్టెలోనో, సెలవుల్లో బంధువుల ఇంటికి వచ్చిన ఏ యువకుడి బీరువాలోనో అటువంటి మూడు నిమిషాల రీలు ఒకటుంటే, అది తెలుగు సినిమా చరిత్రకే కాక మన్యం చరిత్రకు కూడా సాక్ష్యమవుతుంది.

సాక్ష్యం అనే మాట వాడాం గనుక దాని చిక్కును కూడా చూడాలి. అక్టోబరు విప్లవం జరిగిన పదేళ్లకు ఐజెన్‌స్టైన్ తీసిన ‘అక్టోబర్’ చిత్రంలో శీతాకాల సౌధం ముట్టడి ఒక మహాఘట్టం. ఆ నటనా దృశ్యాలే తరువాత ఎన్నో పుస్తకాలలో 1917 నాటి అసలు దృశ్యాలుగా అచ్చయ్యాయి. మసకబారిన ఫిలిం మీద పరుగెత్తే సైనికులకు, మండే గుడిసెలకు ఒక సహజమైన విశ్వసనీయత ఉంటుంది. ఇంటి చిత్రంలో అది మరింత ఎక్కువ. కెమెరా వణుకుతుంది, ఫోకస్ చెదురుతుంది, పేర్లు పడవు. నిజమైన యుద్ధంలో తీసిన ఫిలిం లక్షణాలూ ఇవే. పొగయంత్రం గాని, అన్నం పొట్లం గాని తొలగించి ఇరవై సెకన్ల ముక్క కత్తిరిస్తే నటన కాస్తా చరిత్ర అయి కూర్చుంటుంది. నేడు ఏ దేశంలో యుద్ధం మొదలైనా వీడియో ఆటల్లోని పేలుళ్లు సైతం అసలు దాడులుగా చేతులు మారుతున్నాయి. మన ఫోన్లకు వచ్చే ‘యుద్ధ దృశ్యం’ ఏ షూటింగులోనిదో తెలియజెప్పేది, దానికి ముందూ వెనుకా ఉన్న ఆ పనికిమాలినవనిపించే సెకన్లే. అందుచేత ఇటువంటి ఫిలింను శుభ్రపరచి, అందంగా కత్తిరించాలనుకునే ఉత్సాహవంతులు దానికి మేలు చేస్తున్నారని చెప్పలేం.

ఔత్సాహికుల చిత్రాలకు గౌరవం దక్కిన సందర్భాలు లేకపోలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వం జపాను సంతతి పౌరులను శిబిరాలలో నిర్బంధించింది. టోపాజ్ శిబిరంలో ఉన్న డేవ్ టాట్సునో రహస్యంగా తెప్పించుకున్న 8 మిల్లీమీటర్ల కెమెరాతో తీసిన దృశ్యాలను 1996లో ఆ దేశపు జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చారు. మనదేశంలో 1964లో పుణేలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడింది. 2020లో దానిని జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనం చేయాలని నిర్ణయించారు. అయినా పూర్తిస్థాయి సినిమాలకే దిక్కులేని చరిత్ర మనది. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో నిర్మించిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ నేడు చూద్దామంటే దొరకదు. అటువంటప్పుడు అటకమీది రీలును పట్టించుకునేదెవరు?

అటక దానికి తగిన చోటు కాదు. వేడి, తేమ కలిస్తే ఫిలిం పదార్థం విచ్ఛిన్నమై ఆమ్లం పుడుతుంది. డబ్బా మూత తీయగానే వెనిగరు వాసన వస్తే ఆ జబ్బు మొదలైనట్లే. అది పక్క డబ్బాలకూ పాకుతుంది. ఫిలిం కుంచించుకుపోయి, వంకరలు తిరిగి, చివరకు యంత్రంలో ఎక్కదు. వీడియో క్యాసెట్ల పరిస్థితి ఇంకా అన్యాయం. టేపు బాగున్నా దానిని ఆడించే యంత్రం ఇంట్లో ఉండదు. ఫోనులో తీసినది భద్రంగా ఉన్నదనుకోవడమూ భ్రమే. ఫోను మారినప్పుడు, నీళ్లలో పడినప్పుడు వందలాది దృశ్యాలు ఒక్కసారిగా పోతాయి.

పాత రీలు దొరికినప్పుడు దానిని ప్రొజెక్టరులో పెట్టి వెంటనే ఆడించకూడదు. ఎండిన ఫిలిం పళ్లచక్రాల మధ్య చిట్లిపోతుంది. చల్లని పొడిచోట ఉంచి, తెలిసినవారిచేత డిజిటల్ ప్రతి తీయించాలి. అసలు రీలును మాత్రం పారవేయరాదు. దానికన్నా ముందు చేయవలసిన పని ఇంకొకటుంది. రీలు తీసినవారు, వారు లేకుంటే వారి ఇంటి పెద్దలు మాట్లాడగలిగే స్థితిలో ఉండగానే వారి పక్కన కూర్చొని అడగాలి. ఇది ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏ సినిమా, కత్తి పట్టుకొని నవ్వుతున్న ఈ మనిషి ఎవరు, ఆ రోజు కూలి ఎంత ఇచ్చారు? చెప్పినది చెప్పినట్లుగా ఒక కాగితంమీద పెన్సిలుతో రాసి, ఆ కాగితాన్ని డబ్బాతోపాటే ఉంచాలి.