‘అప్పా?’ అని అడిగి చెడ్డాను

అనంతసాగరంలో మా పక్కింటి రైతు ఓ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. “నిద్ర పట్టడంలా అన్నా” అన్నాడు. “అప్పా?” అన్నాను. “ఊఁ” అన్నాడు. ఇంకేం, రీషెడ్యూలు గురించీ వడ్డీల గురించీ పది నిమిషాలు దంచాను. “సరేన్నా” అని కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. వారానికి తెలిసింది, కూతురు అత్తగారింటి నుంచి వచ్చేసిందని. నా ప్రశ్నలోనే జవాబుంది మరి, ఆయనేం చెప్తాడు!

సాయం కోరి వచ్చిన మనిషి ముందు పైపై మాట ఒకటి వేసి చూస్తాడు. “పడుకున్నాక బుర్రలో ఏం తిరుగుతుంది?” అని అడిగి ఊరుకోండి. ఈ ఊరుకోవడమే కష్టం. చేయి ఫోను మీదికి పోతుంది, నాలుక సలహా మీదికి పోతుంది.

ఆయన చెప్పింది మీ మాటల్లో తిరిగి చెప్పండి. “కూతురొచ్చిందని తలెత్తుకోలేకపోతున్నావా?” అంటే, “తలవంపులు కాదన్నా, భయం. అల్లుడొచ్చి గొడవ చేస్తాడేమోనని” అని ఆయనే దిద్దుతాడు. మీరు పొరపాటు పడ్డా పర్వాలేదు, అసలు సంగతి ఆ దిద్దుబాటులోనే దొరుకుతుంది. 1951లో ‘క్లయింట్ సెంటర్డ్ థెరపీ’ రాసిన అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ పట్టుబట్టింది కూడా దీనిమీదే: దారి వెతుక్కునే శక్తి వచ్చినవాడిలోనే ఉంది.

అమెరికా దాకా ఎందుకు, మన ఉదయగిరి వైపు దూబగుంట లేదూ? పెద్దలకు చదువు నేర్పే అక్షరదీపం రాత్రిబడుల్లో పాఠం చదువుతూ ఆడవాళ్లు తమ ఇళ్లలోని సారా గోడు వెళ్లబోసుకున్నారు. సారా మీద కదిలింది వాళ్లే. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. పాఠం కన్నా దాని మీద సాగిన మాటలే ఎక్కువ పనిచేశాయని నా లెక్క.

ఇంకోటి, చోటు. టీకొట్టు దగ్గర గుట్టు బతకదు. చెరువుకట్ట మీద నడుస్తూ మాట్లాడండి. పక్కపక్కన నడిచేటప్పుడు ముఖం చూడక్కర్లేదు, మగవాళ్లకు నోరు పెగులుతుంది.

“ఈ బతుకెందుకు” అన్నాడా, మాట మార్చకండి. “చచ్చిపోవాలనిపిస్తోందా?” అని సూటిగానే అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బా ఇంట్లోంచి తీయించండి. మానసిక సాయం అందించే టెలీమానస్ నంబరు 14416, పగలూ రాత్రీ ఉచితం. నంబరు కాగితం మీద రాసిచ్చి పంపేయకుండా, మీ ఫోన్‌తోనే కలిపి ఆయన చేతికివ్వండి.