పంచకముందే పేరు పెట్టండి

జాతరల కాలంలో కొల్లాపూర్ చుట్టుపక్కల మైక్‌సెట్, వీడియో స్టూడియో పెట్టుకున్నవాళ్లకు చేతినిండా పని. సంక్రాంతికి సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతర, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం, మధ్యలో ఊరూరా భజనలు, బాగోతాలు, ఒగ్గుకథలు. తెల్లారగానే "అన్నా, మా పాట జర పంపవా" అని ఫోన్లు మొదలవుతాయి. నిద్రమత్తులో కార్డులో ఉన్నది ఉన్నట్టే వాట్సాప్‌లో పెట్టేసి, పని అయిపోయిందనుకుంటారు. అసలు తలనొప్పి ఏడాది తర్వాత. భజన బృందం పెద్దమనిషి వచ్చి, పోయినేడు పాడిన ఫలానా పాట పెన్‌డ్రైవ్‌లో వేసియ్యమంటాడు. చూస్తే ఒకే తీరు పేర్లున్న ఫైళ్లు వందలు. ఒక్కోటి తెరిచి వినాల్సిందే. ఆ గంటలకు ఎవరూ డబ్బులివ్వరు.

ఫైలుకు పేరు పెట్టడానికి సరైన సమయం ఒక్కటే, అది మీ చేయి దాటకముందు. పది గ్రూపుల్లోకి పోయాక మీరు ఎంత చక్కటి పేరు పెట్టినా అది మీ కంప్యూటర్‌కే పరిమితం.

వాట్సాప్ పెట్టే పేరును నమ్మొద్దు

ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ వీడియో సేవ్ అయినప్పుడు దాని పేరులో ఒక తేదీ, ఒక వరస నంబరు ఉంటాయి. ఆ తేదీ కార్యక్రమం జరిగిన రోజు కాదు, ఫైలు మీ ఫోన్‌కు చేరిన రోజు. 2019 నాటి పాటను 2025లో ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే దాని మీద 2025 అనే పడుతుంది. పైగా వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే మీరు పెట్టిన పేరూ ఉంటుంది, నాణ్యతా తగ్గదు. 2 జీబీ దాకా అలా పంపొచ్చు.

పేరులో ఏం ఉండాలి

వరస ఇలా పెట్టుకోండి: తేదీ, ఊరు, కళ లేదా బృందం, ఎక్కణ్నుంచి రికార్డు చేశారు, పాట నంబరు. ఉదాహరణకు:

2025-01-15_సింగోటం_భజన_మిక్సర్_03

తేదీలో ముందు ఏడాది, తర్వాత నెల, ఆ తర్వాత రోజు. 1988 నుంచి అంతర్జాతీయ ప్రమాణం కూడా ఇదే. మనకు అలవాటైనట్టు రోజు ముందు రాస్తే అన్ని నెలల 15వ తేదీలూ ఒక్కచోట చేరి వరస చెడుతుంది. మనవాళ్ల కార్యక్రమాలు రాత్రి పదింటికి మొదలై తెల్లవారుజాము దాకా సాగుతాయి కాబట్టి ఇంకో నియమం పెట్టుకోవాలి. కార్యక్రమం ఏ రోజు మొదలైందో రాత్రంతా అదే తేదీ. అర్ధరాత్రి దాటిందని మార్చితే ఒకే బాగోతం రెండు ఫోల్డర్లలో పడుతుంది.

ఊరు దగ్గర ఊరి పేరే రాయండి, జిల్లా వద్దు. 2016 అక్టోబరు 11న నాగర్‌కర్నూల్ జిల్లా ఏర్పడేదాకా కొల్లాపూర్ మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంది. జిల్లా పేరుతో దాచినవి సగం అక్కడ, సగం ఇక్కడ అవుతాయి. శ్రీశైలం జలాశయం ముంపులో కృష్ణ ఒడ్డు ఊళ్లు కొన్ని చోటు మారాయి, సోమశిల గుళ్లను సైతం తరలించారు. అలాంటి ఊళ్ల పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే పాత ఊరా, కొత్త ఊరా అన్నది కూడా రాసిపెట్టండి.

కళాకారుల పేర్లకు ఒకే స్పెల్లింగ్ ఖాయం చేసుకోండి. అవుసలికుంటకు చెందిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పేరును మొగులయ్య అనీ, మొగిలయ్య అనీ, కిన్నెర మొగులయ్య అనీ రకరకాలుగా రాస్తారు. మీ ఫైళ్లలోనూ అలాగే ఉంటే ఒకటి వెతికినప్పుడు మిగతావి దొరకవు. 2021లో 'భీమ్లా నాయక్' పాటతో రాష్ట్రమంతా ఆయన్ని గుర్తుపట్టింది, కానీ అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఆయన పండుగ సాయన్న కథ పాడుతున్నారు. ఎవరికి ఎప్పుడు పేరొస్తుందో తెలియదు కాబట్టి ఈరోజు చిన్న కళాకారుడి రికార్డింగుకు కూడా పూర్తి పేరు పెట్టండి.

'మిక్సర్' అన్న మాట ఎందుకంటే, ఒకే కార్యక్రమానికి మిక్సర్ రికార్డింగు ఒకటి, కెమెరా మైకుది ఒకటి, ఫోనుది ఒకటి ఉంటాయి. మిక్సర్‌లో గొంతు శుభ్రంగా వస్తుంది కానీ మైకు పెట్టని డప్పు, జనం కేకలు వినిపించవు. అందుకే అన్నీ ఉంచుకోవాల్సినవే. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బ్యాండ్ తన కచేరీలను శ్రోతలు రికార్డు చేసుకోనిచ్చింది, 1984 నుంచి వాళ్ల మైకులకు విడిగా చోటు కూడా కేటాయించింది. ఆ అభిమానులు బ్యాండ్ పొట్టిపేరు, తేదీ, ఎక్కణ్నుంచి రికార్డు చేసిందీ కలిపి ఫైళ్లకు పేర్లు పెట్టుకున్నారు. 1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీలో జరిగిన కచేరీకి వేర్వేరు రికార్డింగులు ఉన్నా, ఏది ఏదో పేరు చూసే చెప్పొచ్చు.

పాట నంబరు 1, 2 అని కాకుండా 01, 02 అని వేయండి. లేకపోతే చాలా కారు ప్లేయర్లు 1 తర్వాత 10, 11 వాయించి అప్పుడు 2కి వస్తాయి. పేరు తెలుగులో పెట్టొచ్చు, కానీ యూనికోడ్‌లో టైప్ చేయాలి. అను ఫాంట్లలో చేసింది వెతికినా దొరకదు. పాత ప్లేయర్లలో తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనిపించినా ముందున్న తేదీ, వెనకున్న నంబరు అర్థమవుతాయి. తేదీలో గీతలు అడ్డంగానే ఉండాలి. ఏటవాలు గీత, కోలన్, ప్రశ్నార్థకం విండోస్ ఒప్పుకోదు.

కార్డు నుంచి కంప్యూటర్‌కు

మైకు ఆన్ చేయగానే "సింగోటం, జనవరి 15, ఫలానా బృందం" అని ఒక్క మాట రికార్డు చేయండి. రికార్డర్ గడియారం తప్పినా, ఎవరైనా పేరు మార్చినా అసలు సంగతి లోపలే ఉంటుంది.

కార్యక్రమానికో ఫోల్డర్, అందులో కార్డుకో ఫోల్డర్. కార్డు ఫార్మాట్ చేయగానే చాలా రికార్డర్లు, కెమెరాలు నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాయి. రెండు కార్డులనూ ఒకే ఫోల్డర్‌లో పోస్తే 'రీప్లేస్ చేయాలా' అని కంప్యూటర్ అడుగుతుంది. తొందరలో అవునన్నారో, మొదటి కార్డులోది పోయినట్టే. కాపీ అయ్యాక ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు రెండుచోట్లా సరిపోయాయో లేదో చూశాకే కార్డు ఖాళీ చేయండి.

మిక్సర్ నుంచి వచ్చిన వేవ్ ఫైలు అసలుది. సీడీ నాణ్యతలో నిమిషానికి సుమారు 10 ఎంబీ, నాలుగు గంటల కార్యక్రమానికి దాదాపు రెండున్నర జీబీ. చోటు చాలకపోతే ఫ్లాక్‌లోకి మార్చండి, సైజు బాగా తగ్గుతుంది, శబ్దంలో ఏమీ పోదు. ఎంపీ3 పంచడానికి మాత్రమే. ఒకసారి ఎంపీ3 చేశాక పోయిన శబ్దం మళ్లీ వేవ్ చేసినా తిరిగి రాదు. అందుకే ప్రతి కార్యక్రమం ఫోల్డర్‌లో 'అసలు', 'పంచేవి' అని రెండు ఉంచి, 'అసలు'లో కోతలు, ఎడిటింగ్ పెట్టుకోకండి.

పేరులో పట్టనివన్నీ చిన్న టెక్స్ట్ ఫైలులో రాయండి: కళాకారుల పేర్లు, వాళ్ల ఊళ్లు, తిథి, ఏ పాట ఎన్నో నిమిషంలో ఉంది, కరెంటు పోయి ఎక్కడ తెగింది, ఎవరు రికార్డు చేశారు. ఎవరికి పంచడానికి బృందం ఒప్పుకుందో కూడా రాయండి. 1957 కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ ప్రదర్శన ఇచ్చినవాళ్లకు హక్కు ఇచ్చింది. అడగకుండా యూట్యూబ్‌లో పెట్టి డబ్బు చేసుకుంటే తర్వాత మాట పడాల్సి వస్తుంది.

ఒక కాపీ కంప్యూటర్‌లో, ఒకటి విడి హార్డ్‌డిస్క్‌లో, ఒకటి షాపులో కాకుండా ఇంట్లోనో నెట్ డ్రైవ్‌లోనో ఉంచండి. కార్డు, పెన్‌డ్రైవ్ మోసుకెళ్లడానికే తప్ప దాచడానికి పనికిరావు.

పాత ఫైళ్లన్నీ ఒక్కరోజులో సరిచేయాలని కూర్చుంటే మధ్యలో విసుగొస్తుంది. రాబోయే కార్యక్రమంతో మొదలుపెట్టి, పాతవి ఎవరైనా అడిగినప్పుడు ఒక్కోటి సరిచేసుకుంటూ పోండి. రేటు మాట్లాడేటప్పుడే "పాటల వారీగా పేర్లు పెట్టి ఇస్తాం, ఏడాది దాకా అడిగితే మళ్లీ ఇస్తాం" అని చెప్పి, దానికి విడిగా డబ్బు అడగండి. అడగ్గానే ఫైలు తీసి ఇచ్చే షాపుకే మరుసటి జాతరకు అడ్వాన్సు వస్తుంది.